మన్ననూరు కనుమలో పక్షిపరిశీలనము

మన జిల్లాలయందలి భూమి చాలవఱకు మెట్టభూమి. పాలమూరునుండి గాని, నల్లగొండనుండి గాని దక్షిణముగ ప్రయాణము చేయువానికి ఎఱ్ఱనేలలు, గుండ్రాళ్ల గుట్టలు, సీతాఫలపు పొదలు, ఆముదపు చేలు, ఎండిన వాగులు కనబడుచుండును. హాజీపూరు కూడలి చేరువఱకు ఈ దృశ్యము పెద్దగా మాఱదు. అచ్చట నెదుట నల్లని గోడవలె కొండలు నిలిచియుండును. అవియే నల్లమలలు. హైదరాబాదునుండి శ్రీశైలమునకు పోవు బాట మలుపులు తిరుగుచు ఆ కొండల యుత్తరపు టంచు నెక్కి మన్ననూరు గ్రామమును చేరును. ఆ యెక్కుడు దారినే ఈ వ్యాసమున మన్ననూరు కనుమ యని పిలుచుచున్నాము.

ప్రియ విద్యార్థులారా, ఈ వ్యాసమును రెండు కారణములచేత వ్రాయుచున్నాము. మొదటిది, ఆ కనుమలో మనము చూచిన పక్షులను గూర్చియు, పక్షులను చూడవలసిన విధమును గూర్చియు పాఠము చెప్పుట. రెండవది, తొమ్మిది సంవత్సరముల క్రిందట ఈ పత్రికలోనే మేము వ్రాసిన యొక వాక్యమును దిద్దుకొనుట. రెండవదానిని చివర చెప్పెదము. మొదటిది తెలియనిదే రెండవది బోధపడదు.

కనుమ, దాని పూర్వచరిత్ర

2016 అక్టోబరువఱకు ఈ ప్రాంతము మహబూబునగరము జిల్లాలోనిది. ఇప్పుడు నాగర్‌కర్నూలు జిల్లాలోనిది. కనుమ నెక్కినపిమ్మట విస్తరించిన యెత్తునేలకు అమ్రాబాదు పీఠభూమి యని పేరు. దానికి దక్షిణమున కృష్ణానది లోతైన లోయలో ప్రవహించుచున్నది. చెంచులు ఈ యడవిలో అనాదిగ నివసించుచున్నారు. నిజాము కాలమున ఫరహాబాదు వేటకు ప్రసిద్ధి కెక్కెను. పులుల రక్షణకై 1973లో దేశమున ఆరంభమైన పథకములోనికి 1983లో ఈ యడవి చేరెను. 2014లో రాష్ట్రము రెండైనప్పుడు కృష్ణకు ఉత్తరపు భాగము అమ్రాబాదు పులుల అభయారణ్యమని వేఱయ్యెను. దాని వైశాల్యము 2,611 చదరపు కిలోమీటర్లు. అందు కొంతభాగము నల్లగొండ జిల్లాలోనిది. కావున ఇది మన యుభయ జిల్లాలవారికిని ఉమ్మడి సొత్తు.

ఈ దారిన పక్షులను శాస్త్రపద్ధతిని పరిశీలించినవారిలో ముఖ్యుడు సలీం అలీ. ఆయన 1896 నవంబరు 12వ తేదీన బొంబాయిలో జన్మించెను. ఉద్యోగము పోయిన దినములలో, జీతము వద్దు, ఖర్చులు మాత్రము భరింపుడని స్వదేశ సంస్థానములకు తెలియజేసి పక్షుల లెక్కను తీయబూనెను. హైదరాబాదు సంస్థానము అందుల కంగీకరించెను. 1931, 1932 సంవత్సరములలో ఆయన తన భార్య తెహ్మీనాతో కూడ సంస్థానమంతయు తిరిగెను. ఆ తిరుగుటలో మన్ననూరు, ఫరహాబాదు ఆయన విడిసిన స్థలములలో చేరినవి. ఆయన కనుగొన్న సంగతులు 1933, 1934లలో బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారి పత్రికలో వెలువడినవి. మనము నేడు నడచు బాటను తొంబది యేండ్లకు పూర్వమే ఒకడు చేత పుస్తకము పట్టుకొని నడచెనని తెలిసిన, మన యడుగులు కొంచెము జాగ్రత్తగ పడును.

బాల్యమున సలీం అలీ గాలితుపాకితో ఒక పిచ్చుకను కొట్టెను. ఎత్తి చూడగా దాని గొంతుమీద పసుపుపచ్చని మచ్చ యుండెను. అది ఏ పిచ్చుకయో ఇంటిలో నెవరికిని తెలియలేదు. మేనమామ ఆ బాలుని ప్రకృతిచరిత్ర సంఘపు కార్యదర్శి యగు మిల్లర్డు దొరకడకు పంపెను. ఆ దొర విసుగుకొనక, బీరువాల సొరుగులు లాగి, వందలకొలది పక్షులను చూపి, ఆ పిచ్చుక పేరు చెప్పెను. ఆ దినమే ఆ బాలుని జీవితమునకు దారి యేర్పడినది. వృద్ధాప్యమున, 1985లో, ఆయన తన యాత్మకథకు పిచ్చుక నేలగూలుట యను నర్థమిచ్చు పేరు పెట్టెను. సువార్తలలో పిచ్చుకలను గూర్చి చదివిన మనకు ఆ పేరు క్రొత్తగ తోపదు. ఆ పసుపుగొంతు పిచ్చుక మన యడవిలోనే కలదు. దానిని అడవి పిచ్చుక యందురు.

చూచువాడు పాటింపవలసిన నియమములు

బయలుదేరుటకు పూర్వము తరగతిలో విద్యార్థులచేత ఈ నియమములను వ్రాయించితిమి.

మొదటిది కాలము. సూర్యోదయము మొదలు రెండు మూడు గంటలును, సాయంకాలము ఎండ తగ్గినపిమ్మటను పక్షులు మేతకు తిరుగును. నడిమధ్యాహ్నము మనవలెనే అవియు నీడను చేరును.

రెండవది నిశ్శబ్దము. మాటలు తగ్గింపవలెను. తెల్లని బట్టలు, మెఱయు బట్టలు ధరింపరాదు. వ్రేలెత్తి చూపుటకంటె, "ఎండిన కొమ్మ, కుడిప్రక్క, సగమెత్తు" అని మెల్లగ చెప్పుట మేలు.

మూడవది కొలత. క్రొత్తపక్షిని చూచినవెంటనే మనకు బాగుగ తెలిసిన మూడు పక్షులతో పోల్చవలెను: పిచ్చుకంతయా, గోరింకంతయా, కాకియంతయా? పిమ్మట ముక్కును చూడవలెను. గింజలు తినుదానికి ముక్కు పొట్టిగను దళముగను ఉండును. పురుగులను పట్టుదానికి సన్నముగను, మాంసము చీల్చుదానికి కొక్కెమువలెను ఉండును. ముక్కు చూచిన మేత తెలియును. మేత తెలిసిన దాని తావు తెలియును.

నాలుగవది నడవడి. అది నేలపై నడచునా, గెంతునా? తోక నాడించునా? ఒకే కొమ్మమీదికి మరల మరల వచ్చునా? రంగు నీడలో మోసగించును గాని నడవడి అంతగా మోసగింపదు.

అయిదవది, చూచినది చూచినచోటనే, గంటతో సహా వ్రాయవలెను. ఇంటికి వచ్చి వ్రాసినది జ్ఞాపకము కాదు, సగము కోరిక.

ఆఱవది, తెలియనిదానికి "తెలియదు" అని వ్రాసి, చూచిన గుఱుతులను క్రింద వ్రాయవలెను.

ఈ యాఱింటిలో కడపటి రెండును బాలురకు మిక్కిలి తేలికగ తోచినవి. అవియే మిక్కిలి కష్టమైనవని సాయంకాలమునకు తెలిసినది.

కనుమ నెక్కుట

గడచిన ఫిబ్రవరి మాసమున ఇరువురు ఉపాధ్యాయులము, ఇరువదియిద్దఱు విద్యార్థులము, అటవీశాఖవారి యనుమతితో ఆ కనుమకు పోయితిమి. రాత్రి తొమ్మిది గంటలు మొదలు ఉదయము ఆఱుగంటలవఱకు ఆ యడవిదారిన వాహనములను పోనీయరు. మృగములు నిర్భయముగ దారి దాటుటకై ఆ నియమము నేర్పఱచిరి. కావున క్రిందటి గ్రామమున రాత్రి గడిపి, తెల్లవాఱగనే నడక సాగించితిమి. మాకు దారి చూపుటకు ఒక చెంచు పెద్ద వచ్చెను. పిల్లలు ఆయనను తాతా యని పిలిచిరి. ఆయన వారిని బిడ్డా యని పిలిచెను. మా వద్ద అయిదు దుర్భిణు లుండెను. ఆయన వద్ద ఒకటియు లేదు.

కొండయడుగున రేగు, బలుసు, తంగేడు పొదలు దట్టముగ నున్నవి. పొదలలోనుండి కౌజులు ఒకదానికొకటి బదులు పలుకుచుండెను. తీగెమీద పసిరికపిట్టలు వరుసగ కూర్చుండెను. అవి గాలిలో తేనెటీగను పట్టి, మరల అదే తీగెకు వచ్చి, దానిని తీగెకేసి కొట్టి, కొండి పోగొట్టి మ్రింగుట పిల్లలందఱు చూచిరి. మట్టికట్టలలో బొఱియ త్రవ్వి అవి గ్రుడ్లు పెట్టును. అచ్చటనే పాలపిట్టయు కనబడెను. కూర్చున్నప్పుడు మట్టివన్నెగ నున్న ఆ పక్షి ఎగిరినంతనే రెక్కలలోని నీలము మెఱసినది. ఇది మన తెలంగాణ రాష్ట్రపక్షి. దసరానాడు పాలపిట్టను చూచుట శుభమని మనవారు చేలకు పోయి చూతురు; అది మంచి వాడుకయే. కాని కొందఱు దానిని పట్టి, రెక్కలు కట్టి, పంజరమున పెట్టి, వీధులలో చూపి డబ్బు గడింతురు. వన్యప్రాణులను కాపాడుటకు 1972లో చేసిన చట్టము ననుసరించి అది నేరము. చూచుటకు చేనికి పోవలసినది మనము. పాలపిట్ట మన వీధికి రావలసిన పని లేదు.

మొదటి మలుపు దాటగనే రాతిచఱియలు వచ్చినవి. దక్షిణాపథపు రాతికొండలలో తప్ప ప్రపంచమున మఱెచ్చటను లేని పిగిలిపిట్ట యొకటి కలదు. దాని గొంతు పసుపుపచ్చన. 1845లో జెర్డను దొర దానిని లోకమునకు తెలిపెను. ఈ జెర్డను మద్రాసు సైన్యమున వైద్యుడు, నెల్లూరులో పనిచేసినవాడు. 1862 మొదలు 1864 వఱకు ఆయన ప్రకటించిన భారతదేశ పక్షుల గ్రంథములో తెలుగుపేర్లను గూడ శ్రద్ధగ వ్రాసియుంచెను. పసుపుగొంతు పిగిలిపిట్టకొఱకు ఆ రాళ్లలో అరగంట వేచియుంటిమి. అది కనబడలేదు. కావున పుస్తకమున వ్రాయలేదు. ఎఱ్ఱని క్రిందితోకగల సామాన్యపు పిగిలిపిట్టలు మాత్రము నాలుగు కనబడినవి, వానిని వ్రాసికొంటిమి.

ఇంకను పైకి పోగా తిరుమాను, నల్లమద్ది, బిల్లుడు, తునికి చెట్లు చిక్కబడినవి. ఆకులు చాలవఱకు రాలియుండుటచేత పక్షులను చూచుట సులువయ్యెను. ఒక మానుమీద వీపు బంగారువన్నెగల వడ్రంగిపిట్ట ప్రాకుచుండెను. దాని వ్రేళ్లు రెండు ముందునకు, రెండు వెనుకకు ఉండును. తోకయీకలు బిఱుసుగనుండి, వెనుకనుండి ఊతకోలవలె పనిచేయును. బెరడును ముక్కుతో పొడిచి పొడుగైన నాలుకతో పురుగులను లాగుకొనును. ఒక మోదుగ నిండుగ పూచి యుండెను. ఆకు ఒక్కటియు లేదు. తేనెపిట్టలు, గోరింకలు, పిగిలిపిట్టలు, వానితో నాలుగైదు అడవి పిచ్చుకలు దానిని మూగియుండెను. దుర్భిణిలో ఆ పసుపుమచ్చను చూచిన పిల్లలు, సలీం అలీ పిచ్చుక యని మెల్లగ చెప్పుకొనిరి. అవి పూదేనె త్రాగుటచేత నుదుట పుప్పొడి అంటుకొనును. అది మఱియొక పూవునకు చేరును. మోదుగ ఊరక విందు చేయదు. పక్షి ఊరక తినదు.

నీరు నిలిచిన చిన్న వాగువద్ద ఖంజరీట మొకటి తోక నాడించుచు తిరుగుచుండెను. బూడిదవన్నె వీపు, పసుపు పొట్టగల ఈ జాతి హిమాలయములలోను, వాని కావలను గ్రుడ్లు పెట్టి, శీతకాలమున మన వాగులకు వచ్చును. ఆ చెట్ల పైకొమ్మలలో ఆకువన్నెగల చిన్నపిట్ట యొకటి క్షణము నిలువక పురుగుల నేరుకొనుచుండెను. ఇంగ్లీషున దానిని గ్రీనిష్ వార్బ్లరందురు. దాని తూకము పది గ్రాములైనను ఉండదు. అదియు హిమాలయములనుండియు, అంతకంటె దూరపు ఉత్తరదేశములనుండియు వచ్చునదే. మే మాసమున వచ్చువారికి పొన్నంగిపిట్ట కనబడవచ్చును. దక్షిణమునను, శ్రీలంకయందును శీతకాలము గడిపిన ఆ పక్షి, మధ్యదేశమునకును హిమాలయపు టడుగునకును గ్రుడ్లు పెట్టుటకు పోవుచు మన యడవులగుండ సాగును. ఈ కనుమ మనకు శ్రీశైలమునకు బాట. పది గ్రాముల ప్రాణికి ఇది ఖండములమధ్య బాట.

లోయలో అడవికోడి కూసెను. నల్లమలలోనిది బూడిదవన్నె అడవికోడి. గోదావరి ప్రాంతము దాటి యుత్తరమునకు పోయినచో ఎఱ్ఱ అడవికోడి వచ్చును. మన యింటికోళ్లకు ప్రధానముగ పూర్విక మైనది ఆ యెఱ్ఱదియే. కాని ఇంటికోడి కాళ్ల పసుపువన్నె మాత్రము బూడిదవన్నె జాతినుండి వచ్చినదని 2008లో శాస్త్రజ్ఞులు తేల్చిరి. మన పెరటికోడి కాలిలో నల్లమల కోడి బంధువు ఒకటి దాగియున్నదన్నమాట.

కూతను నమ్మిన కథ

ఎనిమిది గంటలకు ఒక మలుపువద్ద, చెట్లలోనుండి పాములగద్ద కూత వినబడెను. దీర్ఘమైన యీలవలె నుండు ఆ కూతను ముందటిరోజుననే తరగతిలో వినిపించియుంటిమి. పిల్లలు సంతోషముతో పుస్తకములు తీసి వ్రాసికొనిరి. మేమును వ్రాసితిమి. చెంచు పెద్ద మాత్రము నవ్వి, "కూత నమ్మొద్దు సారూ, కూసినదాన్ని చూడాలె" అనెను.

చూచితిమి. కొమ్మమీద నున్నది గద్ద కాదు. నల్లగ నిగనిగలాడు గోరింకంత పక్షి. తోకనుండి రెండు సన్నని తీగెలు వ్రేలాడుచుండగా, వాని కొసలయందు చిన్న ఆకులవంటి ఈకలు వ్రేలాడుచుండెను. అది తింక పసులపోలిగాడు. మా కన్నులయెదుటనే అది మరల గద్దవలె కూసి, వెంటనే వేఱొక పక్షివలె కిచకిచలాడెను. ఇతర పక్షుల కూతలను అనుకరించుటలో దానికి సాటి లేదు. పురుగులకై పలుజాతుల పక్షులు గుంపుగ తిరుగునప్పుడు ఇది వానితో చేరును. ఆ పక్షులు కదల్చిన పురుగులను ఇది పట్టును. శత్రువు వచ్చిన ముందుగ కేకవేసి హెచ్చరించును. ఇతర జాతుల కూతలను కూసి వానిని తనచుట్టు చేర్చుకొనునని శ్రీలంకలో జరిగిన పరిశోధనలలో తేలినది.

పిల్లలు పాములగద్ద పేరును కొట్టివేసిరి. ఆ గీత గీయుట మాకు మిక్కిలి కష్టముగ తోచెను. ఏలయో చెప్పెదము.

సాయంకాలపు లెక్క

మన్ననూరిలో ఒక చింతచెట్టుక్రింద కూర్చుండి ఎవరి పట్టిక వారు చదివిరి. తొమ్మిదవ తరగతి బాలు డొకడు అఱువదియొక్క పేర్లు చదివెను. అందఱు చప్పట్లు కొట్టిరి. ఏడవ తరగతి బాలిక యొకతె పందొమ్మిది చదివి తల వంచుకొనెను. అందులోను నాలుగింటికి "తెలియదు" అని వ్రాసికొన్నది. కొందఱు నవ్విరి.

అఱువదియొక్కింటిలో బట్టమేకపిట్ట యుండెను. ఆ మహాపక్షి విశాలమైన గడ్డినేలలలో వసించునది. దానికొఱకే కర్నూలు జిల్లాలో రోళ్లపాటి గడ్డిమైదానములను 1988లో అభయారణ్యము చేసిరి. దట్టమైన యడవి కనుమలో అది యుండదు. ఎక్కడ చూచితివని మెల్లగ నడుగగా బాలుడు కొంతసేపు మాటాడక, "పుస్తకములో బొమ్మ చూచితిని సార్, ఉండునని అనుకొంటిని" అనెను.

పిమ్మట ఆ బాలిక "తెలియదు" అని వ్రాసిన వానిలో నొకదాని గుఱుతులను చదివించితిమి. ఉదయము 8 గంటల 40 నిమిషములు. పిచ్చుకకంటె కొంచెము చిన్నది. వీపు నీలిబూడిద, పొట్ట ఇటుకవన్నె. మానుమీద తలక్రిందుగ దిగినది. ఆ చివరి మాట చాలును. వడ్రంగిపిట్ట మానుమీద తలక్రిందుగ దిగదు. తలక్రిందుగ నడచునది నట్‌హ్యాచ్ యను జాతి. మే మిరువురు ఉపాధ్యాయులము ఆ పక్షిని చూడనేలేదు. చూడనిదానిని పేరుతో వ్రాసిన బాలుని పట్టికనుండి మాకు కలిగిన లాభము లేదు. తెలియదని వ్రాసిన బాలిక పట్టికనుండి ఒక పక్షి దొరికినది.

బాలుని మందలింపవలెనని సహోపాధ్యాయుడు మా ముఖము చూచెను. మేము మందలింపలేకపోయితిమి. మేమును అదే తప్పు చేసినవారమని అప్పుడు పిల్లలకు చెప్పితిమి. వారికి చెప్పినదానినే ఇప్పుడు తలిదండ్రులకును, పెద్దలకును చెప్పుచున్నాము.

మా దిద్దుబాటు

కలివికోడి యను పక్షిని గూర్చి మీరు విని యుందురు. 1848లో శాస్త్రమునకు తెలిసిన ఈ పక్షి పెన్న, గోదావరి లోయలలో మాత్రమే కనబడినది. 1900లో లండన్ మిషనువారగు హోవార్డ్ క్యాంబెల్ దొర అనంతపురము ప్రాంతమున చూచినపిమ్మట ఎనుబదియైదేండ్లవఱకు ఎవ్వరికిని కనబడలేదు. లోకమున లేదనియే యనుకొనిరి. 1986 జనవరిలో, కడప జిల్లా లంకమల కొండలయడుగున, ఊరి వేటగా డొకడు రాత్రి దీపపు వెలుగున ఒకదానిని పట్టుకొనెను. బొంబాయి సంఘమువారి తరఫున వెదకుచున్న భరత్ భూషణ్ దానిని గుర్తించెను. ఎనుబదియైదేండ్లు పండితులకు చిక్కనిది ఊరివానికి తెలియును! పిమ్మట ఆ తావును అభయారణ్యముగ చేసిరి. తెలుగుగంగ కాలువ దారినిగూడ మార్చిరి.

తొమ్మిదేండ్ల క్రిందట, ఈ కథ చదివిన యుత్సాహములో, మేము ఈ కనుమ యడుగున సందెవేళ నడచుచుండగా ముండ్లపొదల మధ్య పొడుగుకాళ్ల పక్షి యొకటి పరుగెత్తెను. నల్లని నెత్తి, దానిక్రింద తెల్లని గీత కనబడినవి. రొమ్ముమీద రెండు పట్టెలు కనబడినట్లు తోచెను. ఆ సంవత్సరపు పత్రికలో, "మన కనుమలో కలివికోడి కలదు, మేము స్వయముగ చూచితిమి" అని వ్రాసితిమి. చూచిన గంట వ్రాసికొనలేదు, రెండవవాడు చూడలేదు, మరల పోయి వెదకలేదు.

ఆ వాక్యమును మా పూర్వవిద్యార్థి యొకడు నమ్మి, కళాశాలలో తాను వ్రాసిన వ్యాసమున చేర్చుకొనెను. ఆధారమేమని నలుగురిలో నడుగగా మా పేరు చెప్పెను. మాకు జాబు వ్రాసెను: ఏ తేదీ, ఎంత దూరము, ఎవరు చూచిరి? మా వద్ద బదులు లేదు. ఆ జాబును సొరుగులో పెట్టి రెండేండ్లు మౌనము వహించితిమి. తరగతిలో సత్యమును బోధించు నోటితోనే ఆ మౌనము వహించితిమి.

ఈ ఫిబ్రవరి సాయంకాలము ఆ తావునకే చెంచు పెద్దను తీసికొనిపోయి జరిగినది చెప్పితిమి. ఆయన కూర్చుండుడని సైగ చేసెను. కొంతసేపటికి అటువంటి పక్షియే పొదల మధ్యనుండి నాలుగడుగులు పరుగెత్తి ఆగెను. నల్లని నెత్తి, తెల్లని గీత, పొడుగైన పచ్చనికాళ్లు. దుర్భిణిలో చూడగా కన్నులముందు పసుపు తోలుమడతలు వ్రేలాడుచున్నవి. రొమ్మున రెండుపట్టెలు లేవు, గోధుమవన్నె రొమ్మునకును తెల్లని పొట్టకును నడుమ ఒక్క నల్లగీతయే. అది చిటవ. మెట్టచేలలో మన మందఱము చూచునదే. "ఇది మా గుడిసెల కాడ గూడ ఉంటది సారూ" అని ఆయన చెప్పెను.

ఆ రాత్రియే పూర్వవిద్యార్థికి జాబు వ్రాసితిమి. అతడు బదులు వ్రాసెను. అందొక నింద లేదు. తానును తన వ్యాసమును దిద్దుకొంటినని మాత్రము వ్రాసెను. గ్రంథాలయమునందలి పాతసంచికలో ఆ వాక్యమును మా చేతితో కొట్టివేసి తేదీ వేసితిమి. ఆ సంచిక మీ యిండ్లలో నున్నయెడల మీరును అట్లే చేయ ప్రార్థించుచున్నాము. మన్ననూరు కనుమలో మేము చూచినది కలివికోడి కాదు, చిటవ.

ఆ బాలుడు తన పట్టికను తానే తీసికొనిపోయి, దీపముక్రింద కూర్చుండి, చూడనివానిని కొట్టివేసెను. ఉదయమునకు ముప్పదిమూడు మిగిలినవి. ఆ ముప్పదిమూడింటిని మా పాఠశాల పక్షిపుస్తకమున మేము సంతోషముతో చేర్చుకొంటిమి.

ముగింపు

ఒక యడవి బాగుగ నున్నదో, క్షీణించుచున్నదో పక్షులు చెప్పును. కాని నాటి లెక్కయు నేటి లెక్కయు రెండును నిజమైనప్పుడే పోల్చుటకు వీలగును. సలీం అలీ 1930లలో వ్రాసినదానితో నేడు మన మొక సంగతిని సరిచూడగలుగుటకు కారణము, ఆయన చూచినదానినే వ్రాయుట. ఏబదియేండ్ల తరువాత మీ పట్టికను తెఱచువా డొకడుండును. అతనికి మీరు తెలియరు. మీ పట్టికయే తెలియును.

కనుమకు పోవువారు ఈ మాటలను జ్ఞాపకముంచుకొనవలెను. అనుమతి లేక అడవిలోనికి దిగరాదు. వాహనమును మెల్లగ నడుపవలెను. కోతులకు తిండి వేయరాదు. తిండికై అవి బాటమీదికి వచ్చి చక్రములక్రింద పడుచున్నవి. ప్లాస్టిక్ సంచులను పారవేయరాదు. గూటిని సమీపింపరాదు. గులేరును ఇంటనే విడిచి రావలెను.

అభ్యాసము
1. మీ యింటిచుట్టు ఒక గంటసేపు చూచి, కనబడిన పక్షులను పిచ్చుక, గోరింక, కాకి కొలతలతో వ్రాయుడు.
2. చిటవకును కలివికోడికిని గల పోలికలను, భేదములను వ్రాయుడు.
3. మోదుగపూలకు వచ్చు పక్షులవలన చెట్టునకు కలుగు మేలేమి?
4. మీ తాతలను, అవ్వలను అడిగి, మీ యూరి పక్షులపేర్లు పది సేకరింపుడు. తెలియనివానికెదుట "తెలియదు" అని వ్రాయుటకు వెనుకాడకుడు.